ఇచ్చిన బిందువు

మా ఆయన సూర్యప్రకాశ్ రాయచూరులో ఒక పీయూ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాడు. ఒక బిందువు, ఒక వాలు ఇస్తే చాలు, ఏ సరళరేఖ జాతకమైనా రాసిచ్చేస్తానంటాడు. పెళ్లయిన కొత్తలో నన్ను కూర్చోబెట్టి మరీ నేర్పించాడు. గీత మీద ఎక్కడో ఒక చోటు తెలియాలి, అది బిందువు. అక్కడి నుంచి ముందుకు పోతుంటే ఎంతకెంత ఎక్కుతుందో, ఎంతకెంత దిగుతుందో తెలియాలి, అది వాలు. ఈ రెండూ దొరికితే గీత రెండు కొసలూ మన గుప్పిట్లో ఉన్నట్టే. y – y₁ = m(x – x₁) అని క్యాలెండర్ వెనక రాసి, "గింతే, ఇంకేం లేదు" అన్నాడు. పదో తరగతి లెక్కలు అత్తెసరు మార్కులతో గట్టెక్కినదాన్ని, నాకే అర్థమైంది. ఆయన మంచి మాస్టారు. ఆ మాట ఇప్పటికీ కాదనను.

మా అత్త తిమ్మక్కది కల్మల దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. తుంగభద్ర ఎడమ కాలువ కింద ఆఖరి ఊళ్లలో ఒకటి. కాలువ మ్యాపులో ఆ ఊరు ఉంటుంది, కాలువ నీళ్లు మాత్రం అక్కడిదాకా వచ్చిన ఏడాదులు వేళ్ల మీద లెక్కపెట్టాలి. పైన సింధనూరు వైపు ఏడాదికి రెండు పంటలు వరి పండుతుంటే, మా అత్త చేన్లో వాన పడితే పత్తి, పడకపోతే ఎండిన పెళ్లలు. వయసులో ఉన్నప్పటి నుంచీ నాట్ల కాలం రాగానే ఆమె ట్రాక్టరెక్కి పైఊళ్లకు కూలికి పోయేది. మోకాలి లోతు బురదలో ఒంగి ఒంగి నడుము పోయింది. కోరిక మాత్రం పోలేదు. "సచ్చే లోపల ఒక్క వరి పంట, నా చేన్ల, నా చేత్తోని" అనేది. విని విని మాకు చెవులు మూసుకుపోయాయి గానీ, ఆమె మాత్రం ప్రతిసారీ కొత్తగానే చెప్పేది.

కొన్నేళ్లుగా సోలార్ కంపెనీవాళ్లు ఆ చుట్టుపక్కల భూములు లీజుకు తీసుకుంటున్నారు. ఊళ్లో వాటిని అద్దాలంటారు. చేను అద్దాలకిస్తే ఇరవై ఎనిమిదేళ్లు దానిలో అడుగు పెట్టే పని లేదు, పెట్టనివ్వరు కూడా. అంటే మా అత్త లెక్కన ఆమె బతికుండగా ఆ చేను మళ్లీ ఆమెది కాదు. మా మరిది సతీశ్ ఇచ్చేద్దామని పట్టుపట్టాడు. ఆమె ఒకటే మాట చెప్పింది. "కొత్త పిల్లకాలువ పడ్తుంది గద. ఈ తాప కాలువ ఇడ్సినప్పుడు నా చేన్లకు నీళ్లొస్తే నువ్వు అద్దాల పేరెత్తొద్దు. రాకుంటే ఏలుముద్ర ఏస్త. మళ్ల ఒక్క మాట అడగ." సతీశ్ సరేనన్నాడు.

పిల్లకాలువంటే పెద్దదేమీ కాదు. ఊరి పైన ఉపకాలువ పోతుంది. దానికొక తూము. ఆ తూము నుంచి చేన్ల దాకా సిమెంటుతో కట్టే చిన్న కాలువ. రైతుల నీటి సంఘం ఆ పని జవళగేర ఊరి చెంచయ్యకు కంట్రాక్టు ఇచ్చింది. వాళ్ల తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మనిషి మర్యాదలో పెట్టింది పేరు, చిన్నపిల్లలను కూడా "ఏవండీ" అంటాడు. ఆ మర్యాదకే మా ఊరివాళ్లు సగం పడిపోయారు.

మిగతా సగం భయపడింది ఒక్క దానికే, వాటానికి, అదే కాలువ వాలుకి. వెనకటి కంట్రాక్టరు కాలువను ఎదురు వాటంతో కట్టాడు. వాన నీళ్లు దాన్లో నిలబడి బర్రెలు పడుకునేవి. అందుకని ఈసారి ఊళ్లో పిల్లా జెల్లా అందరూ వాటం పండితులైపోయారు. వాటం తెలిసినవాడు చూసి సంతకం పెడితేనే పని అయినట్టు లెక్క, అప్పుడే బిల్లు, అని సంఘం తీర్మానం చేసింది. ఎవర్ని పిలుద్దామని అనుకుంటుంటే మా అత్త లేచి, "బయటోడెందుకు, నా కొడుకు ల్యాడా? పొద్దంత గీతలే గీస్తడు" అంది.

వేసవిలో ఉపకాలువ ఎండిపోయి ఉన్నప్పుడు, పిల్లకాలువ కట్టడం అయ్యాక ఒక ఆదివారం పోయాం. చెంచయ్య జీపులో ఎదురొచ్చి మా ఆయనను నేరుగా మోరీ దగ్గరికి తీసుకుపోయాడు. తూముకు రెండు వందల అడుగుల దిగువన, బండ్ల బాట కాలువను దాటే చోట కట్టింది ఆ మోరీ. దాని గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీటు.

"ఇదిగోండి సారూ, ఇదే మన లెవెలు" అన్నాడు చెంచయ్య. "ఉపకాలువ అడుగు నుంచి చూసుకుంటే ఇక్కడికి ముప్పై ఆరు అంగుళాల ఎత్తండి. ఇక్కడి నుంచి యాభై అడుగులకు ఒక్క అంగుళం చొప్పున వాటం దింపుకుంటూ పోయాం. నా మాట నమ్మొద్దండి, మీరే లెక్క కట్టి చూసుకోండి."

మా ఆయన మొహం వెలిగిపోయింది. బిందువు ఇచ్చారు, వాలు ఇచ్చారు. అచ్చం ప్రశ్నాపత్రంలో ఇచ్చినట్టు. జేబులోంచి చాక్‌పీసు తీసి మోరీ గోడ మీదే రాశాడు. తూము నుంచి దూరం అడుగుల్లో x, ఎత్తు అంగుళాల్లో y. y – 36 = –(1/50)(x – 200). మా అత్త చేను మొదలయ్యేది పన్నెండు వందల అడుగుల దగ్గర. అక్కడ x బదులు 1200 పెట్టాడు. వెయ్యి అడుగులకు ఇరవై అంగుళాలు దిగాలి, కాబట్టి y పదహారు. "అమ్మా, నీ చేను కాడ పదారు అంగుళాలు రావాలె" అని కేకేశాడు.

మేస్త్రీలు లెవెలు చూడడానికి వాడే నీళ్ల పైపు పట్టుకుని మోరీ నుంచి చేను దాకా గుర్తుకు పాతిన ప్రతి గూటం దగ్గరా కొలిచాడు. ఊరంతా వెనకాల ఊరేగింపు. ఎక్కడ కొలిచినా గోరంత తేడా లేదు. ఆఖరి గూటం దగ్గర పదహారు తేలగానే జనం ఈలలు వేశారు. ఆయన కొలిచిందంతా మోరీ నుంచి కిందికే, వాళ్లమ్మ చేను వైపే. మోరీ నుంచి పైకి, తూము వైపు ఒక్క కొలతైనా తీసుకోలేదు. ఎవరూ తీసుకోమనీ అనలేదు.

తర్వాత ఊరి పద్ధతి ప్రకారం పరీక్ష. కొత్త కాలువ కడితే మా వైపు ట్యాంకరు తెప్పించి పై కొసన నీళ్లు గుమ్మరిస్తారు. నీళ్లు కింది కొసకు చేరితే కాలువ మంచిదన్నట్టు. తూముకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తూము నోట్లోనే ట్యాంకరు పైపు పెట్టి వదిలారు. నీళ్లు ఎక్కడా ఆగలేదు. బుడబుడమంటూ మోరీ దాటి, మలుపు తిరిగి, మా అత్త చేన్లోకి వచ్చి పడ్డాయి. ఆమె ఆ తడిమట్టి తీసి కళ్లకద్దుకుంది. అప్పుడు నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధమెందుకు.

మా ఆయనకు శాలువా కప్పారు. ఆయన ఇంగ్లీషులో సంతకం పెట్టాడు. ఎవరో వీడియో తీశారు, అది కాలేజీ గ్రూపులోకి పోయింది. వారం తిరక్కుండా ఇంటి దగ్గర ట్యూషనుకు పిల్లలు కూర్చునే చోటు చాలక చాపలు గుమ్మం బయట వేయాల్సి వచ్చింది. చెంచయ్య సోనామసూరి బియ్యం బస్తా పంపిస్తే నేను వెనక్కి పంపాను. "మర్యాద తెల్వదు నీకు" అని మా ఆయన రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు.

మా అత్త విత్తనం వడ్లు నానబెట్టి, చేను మూలన మడి కట్టి నారు పోసింది. బోరింగు దగ్గర నుంచి బిందెలతో నీళ్లు మోసి పెంచింది. సతీశ్ నవ్వాడు గానీ అడ్డం చెప్పలేదు.

ఆ ఏడాది డ్యాం నిండింది. పైవాళ్లకూ వానలు పడి వాళ్లు కాలువ మీద ఎగబడలేదు. ఏ దేవుడి పుణ్యమో నీళ్లు నిజంగానే మా కొసదాకా వచ్చాయి. కబురు తెలిసి మేం రాయచూరు నుంచి పొద్దున్నే బయలుదేరాం. ఉపకాలువ గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. నురగ, గడ్డి, చెప్పులు కొట్టుకొస్తున్నాయి. నీళ్లు మా తూము దాకా వచ్చాయి, తూము నోటికి జానెడు కింద నుంచి ముందుకు పోయాయి.

పెరుగుతాయని సాయంత్రం దాకా చూశాం. పెరగలేదు. కాలువ నీళ్లు చూసుకునే నీరుగంటి వచ్చి, నిండు కాలువంటే ఇంతే, ఇంతకంటే పెరిగితే గట్టు తెగుద్దన్నాడు. ఉపకాలువ గోడ మీద ఎన్నడో నీళ్లు వచ్చిన ఏటి పాత చార కూడా సరిగ్గా అదే ఎత్తున ఉంది. వేసవంతా అది అక్కడే ఉంది, అందరం దాని ముందు నుంచే నడిచాం. ఇసుక బస్తాలు వేసి నీళ్లు ఎత్తబోయిన సతీశ్‌ను నీరుగంటి తిట్టి తీయించాడు.

జనం పోయాక మా ఆయన గట్టు కింద కూర్చుని పుల్లతో బురదలో రాశాడు. నేను పక్కనే ఉన్నాను. తూము దగ్గర x సున్నా. సున్నాలోంచి రెండు వందలు తీసేసి, దాన్ని మైనస్ ఒకటి బై యాభైతో గుణిస్తే నాలుగు. ముప్పై ఆరుకు నాలుగు కలిపితే నలభై. తూము నోరు నలభై అంగుళాల ఎత్తున ఉంది. నిండు కాలువ నీళ్లు ముప్పై ఒకటి.

"గీత ఎనక్కి గూడ పోతది హిమా" అన్నాడు. "సున్నా పెట్టి చూస్తే ఒక్క నిమిషం పని. చూడలే."

"మరి వాటం?"

"వాటం కరెక్టే. బిందువే తప్పు. వాడు గుర్తు పెట్టిందే పైన పెట్టిండు. గదే వాటంతోని ఇంకో గీత జానెడు కింద ఉండాలె. ఈ రెండు గీతలు ఎంత దూరం పోయినా కలవవు." పుల్ల పారేశాడు. "పుస్తకంల బిందువు ఎప్పుడూ ఇచ్చే ఉంటది. ఎవడిచ్చిండు, ఎందుకిచ్చిండు అని నా జన్మల అడగలే."

చెంచయ్య ఎందుకిచ్చాడో తెలుసుకోవడానికి లెక్కలు అక్కర్లేదు. ఆ నేలలో మూడడుగుల కింద బండ. కాలువను జానెడు పైకి లేపితే ఆ మేరకు బండ కొట్టే పని తప్పుతుంది.

నాకు ఆ రోజు ఆయన మీద కోపం రాలేదు. జాలేసింది. తప్పు ఎవరైనా చేస్తారు. "ఏం కాదు, ఇదే మాట కాలువల ఇంజినీరుకు చెప్పు" అన్నాను. దారి కూడా ఉంది. కాలువ లెవెలు తప్పని, చూసి సంతకం పెట్టినవాడు ఒప్పుకుని రాసిస్తే, కంట్రాక్టరు తన ఖర్చుతో పగలగొట్టి దింపి కట్టాలని ఒప్పందంలోనే ఉంది. పదిహేను రోజుల పని. నారు అప్పటికింకా పచ్చగా ఉంది.

ఆయన "చూద్దాం" అన్నాడు.

ఇంట్లో వారం రోజులు ఇదే గొడవ. "లెక్కల సారుకు సున్నా పెట్టి చూడడం రాలేదని బజార్ల చెప్పుకోవాల్నా?" అంటాడు. "నా పిల్లలేమనుకుంటరు? స్టాఫ్ రూంల తల ఎట్లెత్తాలె?" శాలువా బీరువాలో మడతపెట్టి ఉంది. వీడియో ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. "మరి మీ అమ్మ చేను?" అంటే, "ఆ చేన్ల ఏం పండిందని ఇన్నేండ్లు" అన్నాడు. ఆ మాట అన్న నోటితోనే కాఫీ అడిగాడు. నేను పెట్టలేదు.

సంఘం ఫిర్యాదు మీద ఇంజినీరు వచ్చిన రోజు ఊరి బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టారు. చెంచయ్య ముందే వచ్చి కుర్చీలు వేయించాడు. ఇంజినీరు కన్నడలో అడిగాడు, కాలువలో లోపమేమిటని. సంఘంవాళ్లు నీళ్లు ఎక్కలేదన్నారు. చెంచయ్య చేతులు కట్టుకుని లేచాడు.

"నీళ్లు పారకపోతే నా తప్పండి. కానీ పారాయి కదండీ, ట్యాంకరు పెట్టి అందరూ చూశారు. సారు అంగుళం అంగుళం కొలిచి సంతకం పెట్టారు. వాటంలో తప్పుంటే చెప్పమనండి, రేపే పగలగొట్టి కడతా."

ఆడవాళ్ల వైపు నుంచి నేను లేచాను. "వాటం కాదు, తూము నోరే పైన ఉంది. మోరీ మీద గుర్తు తప్పు పెట్టిండ్రు" అన్నాను. వరండా అంతా నా వైపు తిరిగింది.

చెంచయ్య నవ్వాడు, చాలా మర్యాదగా. "మేడం గారూ, లెక్కల సారు మీ ఇంట్లోనే ఉన్నారు కదండీ. ఆయన్నే చెప్పమంటే పోలా?"

ఇంజినీరు మా ఆయన వైపు తిరిగి "సార్ హేళి" అన్నాడు. చెప్పండి సారూ అని.

మా అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. కొడుకు వైపే చూస్తోంది. మా ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. ఆయన చెప్పాల్సింది నాలుగు ముక్కలు. బిందువు నేను సరిచూడలేదు, అది తప్పు. అంతే.

"గీతల తప్పు లేదు" అన్నాడు.

నిజమే. గీతలో తప్పు లేదు. అబద్ధం ఆడకుండానే ఆయన ఒడ్డున పడ్డాడు. ఇంకా ఏదో చెప్పబోయాను, ఇంజినీరు అప్పటికే కాగితం మూసేశాడు. సారే చెప్పాక ఇంకేముందన్నాడు. సంఘంవాళ్లు గొణుక్కుంటూ లేచారు.

మా అత్త మెల్లగా, అందరికీ వినబడేటట్టు అంది. "అయితే నా భూమే ఎత్తుల ఉన్నట్టుంది. కాలువ మంచిదే, గీత మంచిదే, నా చేనే మంచిది కాదు. గంతేనా సూర్యా?"

ఆయన ఫోన్ చూసుకుంటూ, "గంతే అనుకోమ్మా" అన్నాడు.

నారు ముదిరింది. పసుపెక్కింది. ఒకరోజు ఆమె మేకలను అందులోకి తోలింది.

లీజు కాగితాలకు అందరం రాయచూరు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయాం. సతీశ్ అన్నీ సిద్ధం చేశాడు. గుమాస్తా ఆమె వేలు పట్టుకుని సిరాలో అద్దాడు. ఆమె ఆ వేలు గాలిలోనే పెట్టుకుని మా ఆయన వైపు తిరిగింది.

"సూర్యా, ఏమన్న చెప్పేదుందా?"

"ఏం లేదమ్మా. ఎయ్."

ఆమె వేసింది. గుమాస్తా ఇచ్చిన గుడ్డతో వేలు తుడుచుకుంటూ, ఎండ బాగా ఉంది, తొందరగా పోదామంది.

సతీశ్ కంపెనీవాళ్లతో ఉండిపోయాడు. అత్తను ఊళ్లో దింపడానికి మేం ముగ్గురం కల్మల మీదుగా పోయే లింగసుగూరు బస్సెక్కాం. మా ఆయనకు ముందు సీటు దొరికింది, నేనూ అత్తా దాని వెనక సీట్లో కూర్చున్నాం. రాయచూరు దాటేదాకా నేను ఓర్చుకున్నాను. తర్వాత నా వల్ల కాలేదు.

"అత్తా, నీ భూమి ఎత్తుల లేదు. తూము నోరే తప్పు పెట్టిండ్రు. ఆ రోజు అందరి ముందర చెప్పిన గద, నువ్విన్నవ్ గద. మరి ఎందుకేసినవ్ ఏలుముద్ర?"

"ఇన్న పిల్లా" అంది. "నువ్వు చెప్పింది నిజమే. అది నాకు అప్పుడే ఎరుకైంది. వాడు నా మొకం దిక్కు చూడకుంట మాట్లాడిండు గద."

"మరి?"

కిటికీలోంచి వేడి గాలి కొడుతోంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

"వాడు చెప్తడని చూసిన. ఆఫీసరు అడిగిండు, చెప్పలే. నేనడిగిన, చెప్పలే. ఏలు సిరాల పెట్టినంక గూడ అడిగిన. ఇంక ఆ చేను ఎవని కోసం ఉంచుకోవాలె పిల్లా?"

మా ముందు సీట్లో మా ఆయన మెడ బిగుసుకుంది. ఆయనకు వినబడింది. వెనక్కి తిరగలేదు.